ఆఖరున నవ్వు మొహం

"అప్పటికప్పుడు పుట్టించే బటన్లంటున్నావు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయంటున్నావు. మరి వాడు వాటిలో ఏది నొక్కాడో నీకెలా తెలిసి చస్తుందిరా?"

అడిగింది అక్క. బస్టాండులో ప్రయాణికుల సామాన్లు భద్రపరిచే గదిలో ఆమెకి ఉద్యోగం. తమ్ముడికి ఫోనుల్లో ఆడుకునే ఆటలు తయారుచేసే చోట పని దొరికిందని విని ఆమె మొహంలో ఏ వెలుగూ రాలేదు. ముందు జీతం ఎంతో అడిగింది, తర్వాత పని ఏమిటో అడిగింది, అతను చెప్పిందంతా విని చివరికి ఈ ప్రశ్న వేసింది.

"నువ్వు సంచికి బిళ్ళ కడతావు చూడు, అలాగే," అన్నాడు తమ్ముడు. "బటన్ పుట్టగానే దాని మెడలో ఓ నంబరు కట్టేస్తాం. నొక్కితే ఆ నంబరు చెబుతుంది."

"కట్టడం మర్చిపోతే?"

"మర్చిపోవడం ఏమిటక్కా, అదే కదా పని!"

"నా పనీ అదే. రెండుసార్లు మర్చిపోయాను. ఒకడి కొత్త బూట్లు ఇంకొకడు తొడుక్కుని ఊరు దాటిపోయాడు. నా జీతంలో కోశారు."

అక్కని దేవతని చేసి కూర్చోబెట్టే పని ఇక్కడ పెట్టుకోవద్దు. నోరు పెద్దది, పిడికిలి గట్టిది. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. పెంచిన సంగతి మర్చిపోయే అవకాశం అతనికి ఎన్నడూ ఇవ్వలేదు. అతను బళ్ళో పాఠాలు చదువుకున్నది ఆ గదిలోనే, ఎవరెవరివో పెట్టెల మీద కూర్చుని. ఊరికే కూర్చోబెట్టేది కాదు. రేకు బిళ్ళలకు దారాలు ఎక్కించమనేది. ఒక బిళ్ళ సంచికి, దాని జత మనిషికి. సంచి చేతికి రాగానే కట్టాలి, తర్వాత కడదాంలే అనుకుంటే కొంప మునిగినట్టే. సంచులన్నీ లోపలికి చేరాక ఏది ఎవరిదో సంచి చెప్పదు.

ఆఫీసులో అతని పేరు గబగబ. పెట్టింది ప్రొప్రైటరు. మిగతావాళ్ళు వారం తీసుకునే పని ఇతను రెండు రోజుల్లో ముగించేవాడు. "ఏం గబగబా, అయిందా?" అనేవాడు ప్రొప్రైటరు పొద్దున్న గుమ్మంలో అడుగుపెడుతూనే. ఆఫీసంటే పంక్చర్లు వేసే షాపు మీద రెండు గదులు. కిటికీ తీస్తే కాలిన రబ్బరు కంపు, మూస్తే ఉక్క. ఒకప్పుడు ఏడుగురు కూర్చునేవారు. జీతాలు ఆలస్యమయ్యే వాసన పసిగట్టి తెలివైనవాళ్ళంతా జారుకోగా, బొమ్మలు గీసే పెద్దావిడా, గబగబా ఇద్దరే మిగిలారు.

చేరిన కొత్తలో అతను చేపల ఆట ఒకటి రాశాడు. చెరువులో ఒకసారి నాలుగు చేపలు, ఇంకోసారి తొమ్మిది. ఎన్ని రావాలో ఆట నడుస్తుండగా తేలుతుంది కాబట్టి చేపల్ని ముందే చేసిపెట్టుకోవడం కుదరదు, అప్పటికప్పుడు పుట్టించాలి. ఒక్కో చేపా ఒక్కో బటన్. నొక్కితే గాలానికి చిక్కాలి. మొదటిసారి ఆడించి చూస్తే ఏ చేపని నొక్కినా ఆఖరి చేపే గాలానికి వేలాడింది. ఆఫీసంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

"అయ్యో, ఆ చివరిది ఏం పాపం చేసిందండీ?" అంది బొమ్మలావిడ.

జరిగింది ఇది. ఎన్నో చేప పుడుతోందో లెక్కపెట్టడానికి ప్రోగ్రాములో ఒక పలక లాంటిది ఉంటుంది. దాని మీద అంకె ఒకటి, రెండు, మూడు అని మారుతూ పోతుంది. చేప పుట్టినప్పుడే ఆ అంకెను చేపకి కట్టెయ్యాలి. గబగబ అలా కట్టకుండా, 'నిన్నెవరైనా నొక్కితే వెళ్ళి పలక చూసి రా' అని చేపకి చెప్పాడు. జనం నొక్కే వేళకి చేపలన్నీ పుట్టేసి, పలక మీద ఆఖరి అంకె నిలిచిపోయి ఉంటుంది. అన్ని చేపలూ వెళ్ళి అదే చదివొస్తాయి. ఈ వృత్తిలో దీన్ని చెయ్యనివాడు లేడు. ఒకసారి చేసి నవ్వులపాలైనవాడు మళ్ళీ చెయ్యడని అంటారు. తర్వాత వచ్చిన కుర్రాళ్ళకి గబగబే ఈ చేప కథ చెప్పి నవ్వించేవాడు. కాబట్టి ముందు జరగబోయేది తెలియక చేసిన తప్పని ఎవరూ అతని తరఫున వకాల్తా పుచ్చుకోనక్కర్లేదు.

అక్కకి పక్షవాతం వచ్చింది. సామాన్ల గది కిటికీ దగ్గరే, ఎవరి పెట్టెకో బిళ్ళ కడుతూ పక్కకి ఒరిగిపోయింది. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. బుర్ర మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరేమన్నా అర్థమయ్యేది, కళ్ళతోనే తిట్టేది. ఇంట్లో చూసుకునే మనిషి లేరు. నర్సింగ్ హోములో పడేస్తే నెలకి అయ్యే ఖర్చు గబగబ జీతాన్ని మించిపోయింది.

అప్పుడు ప్రొప్రైటరు ఒక బేరం తెచ్చాడు.

"ఆ నర్సింగ్ హోము వాళ్ళకి ఓ ఆట కావాలట. మాట పడిపోయినవాళ్ళ చేత బొమ్మలు జతచేయిస్తారు, చెయ్యి కదులుతుంది, బుర్ర కదులుతుంది. మనం చేసిపెడితే మీ అక్క మంచానికి సగం తగ్గిస్తామన్నారు. నాకు పేరొస్తుంది, నీకు భారం తగ్గుతుంది. ఏమంటావు?"

ఏమంటాడు? దేవుడే మీ రూపంలో వచ్చాడు సార్ అన్నాడు. ప్రొప్రైటరు ఆ మాటని నిజమేననుకున్నట్టు తలాడించాడు.

ఆట మొదలయ్యే ముందు ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది: 'ఈరోజు ఎలా ఉంది?' కింద మొహాల వరస. ఏడుపు మొహం అంటే బాగా నొప్పిగా ఉందని. నవ్వు మొహం అంటే నొప్పి లేదని. చూపు సరిగా లేనివాళ్ళకి రెండే మొహాలు, మిగతావాళ్ళకి అయిదు దాకా. ఎవరికెన్నో నర్సు ఎంచుతుంది. అంటే ఇవీ అప్పటికప్పుడు పుట్టే బటన్లే. మంచంలోని మనిషి తన ముందు పెట్టిన తెర మీద ఒకటి నొక్కితే నర్సుల గదిలో గోడ మీద ఆ మంచం నంబరు దగ్గర ఎరుపో, పసుపో, పచ్చో వెలుగుతుంది.

మొహాలు గీసింది బొమ్మలావిడ. ఏడుపుకి నిజంగా ఏడుపు తెచ్చింది. వరస ఎటునుంచి ఎటని అడిగింది.

"ఏడుపుతో మొదలెట్టి నవ్వుతో ముగిద్దాం," అన్నాడు ప్రొప్రైటరు. "ఏదైనా ఏడుపుతో ఆపకూడదు. శుభమా అని పని మొదలెడుతూ!"

ఎవరూ కాదనలేదు. శుభం మాట ఎత్తాక ఎవరు కాదంటారు? వరస తిరగేసి ఉంటే మొదటి రోజే వార్డంతా ఎర్రగా మండి, తప్పు టీ తాగేలోపు పట్టుబడేది. లోకంలో శుభం కోరి చేసే పనులన్నీ ఇంత ఖరీదైనవి కావు. కొన్ని మాత్రం ఇలా ఉంటాయి.

ప్రారంభానికి నర్సింగ్ హోముకి విరాళాలిచ్చే పెద్దమనిషి వస్తున్నాడని తేదీ ముందుకి జరిపారు. గబగబ తన పేరుకి తగ్గట్టే రాశాడు. పలక మీది అంకె మొహానికి కట్టాల్సిన చోట, చేపల నాటి పాత వాక్యమే వేళ్ళలోంచి జారి పడింది. పరీక్షించలేదా అంటే పరీక్షించాడు. అతని పద్ధతి ఒకటుంది: రెండు మొహాలతో, మూడుతో, అయిదుతో, ఎన్నిటితో పుట్టించినా ఆఖరి బటన్ నొక్కి చూసేవాడు. అది కుడి చేతి బొటనవేలి కిందే ఉంటుంది. పైగా ఆఖరిది పలికిందంటే వరస మధ్యలో ఎక్కడా తెగలేదని రుజువు. చెడ్డ పద్ధతేం కాదు. ఈ ఒక్క తప్పుని మాత్రం అది ఎన్నటికీ పట్టలేదు.

ప్రారంభం రోజు పెద్దమనిషి నవ్వు మొహం నొక్కాడు. గోడ మీద పచ్చలైటు వెలిగింది, చప్పట్లు. ప్రొప్రైటరు నొక్కాడు, నవ్వు మొహమే. ప్రారంభోత్సవంలో ఏడుపు మొహం నొక్కేవాడు ఎవడుంటాడు? తర్వాత అక్కని చక్రాల కుర్చీలో తెచ్చారు. ఎడమ చేత్తో ఆమె మధ్యలో ఉన్న మొహం నొక్కినట్టు గబగబకి అనిపించింది. పచ్చ వెలిగింది. మళ్ళీ చప్పట్లు. తనే సరిగ్గా చూడలేదనుకున్నాడు. అనుకోవడం సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాడు.

ఆ తర్వాత వార్డంతా పచ్చగా ఉంది. హెడ్ నర్సు మొదట్లో ఆశ్చర్యపోయింది, తర్వాత గర్వపడింది, తర్వాత అలవాటుపడింది. మంచం మంచానికీ తిరిగి "ఎలా ఉందమ్మా?" అని మొహం చూసే పని తగ్గింది, గోడ చూస్తే సరిపోతోంది. ఉన్న నలుగురు నర్సుల్లో ఒకరిని పైఅంతస్తుకి మార్చారు.

ఒకరోజు అక్కని మంచం మీదనుంచి కుర్చీలోకి మారుస్తుంటే ఆయా చెయ్యి పట్టుతప్పింది. అక్క జారి నేల మీద కూలబడింది. లేపి పడుకోబెట్టి, నియమం ప్రకారం తెర ముందుపెట్టారు. ఆమె నొక్కింది. పచ్చ. "చూడు, ఏం కాలేదు," అంది నర్సు ఆయాతో. ఆయా ఊపిరి పీల్చుకుంది. మర్నాటినుంచి ఎప్పటిలాగే, కాళ్ళలో బలం రావాలని ఆమెను ఇద్దరు పట్టుకుని రోజూ నిలబెట్టారు. నిలబెట్టే ముందు రోజూ అడిగారు. రోజూ పచ్చే వచ్చింది.

గబగబ వెళ్ళినప్పుడల్లా అక్క మూలుగుతూ కనిపించేది. ఒకసారి తెరని నేలకేసి కొట్టింది. ఇంకోసారి అతను తెచ్చిన పళ్ళు ఎడమ చేత్తో తోసేసింది. తన మీద కోపమనుకున్నాడు. ఇంట్లో పెట్టుకోకుండా ఇక్కడ పడేశాననుకుంటోందేమోనని మనసులో వాదించుకున్నాడు. పెట్టుకోవడం ఎలా కుదురుతుంది, పొద్దస్తమానం ఆఫీసు కదా, నీకు తెలియదా అక్కా, ఇలా. ఎదురుగా ఉన్న మనిషి నొప్పితో మూలుగుతుంటే, జవాబు అక్కర్లేని ఈ వాదన ఎంత సుఖమో చెప్పలేం.

ఒక ఆదివారం హెడ్ నర్సు అతన్ని వరండాలో ఆపింది.

"మీ అక్కగారితో కాస్త మాట్లాడండి. పక్క మంచాలవాళ్ళకి నిద్రుండట్లేదు ఆవిడ అరుపులకి."

"నొప్పేమో మేడమ్?"

"అబ్బే, నొప్పేం లేదు. గోడ చూడండి, ఎప్పుడూ పచ్చే. మొండితనం అంతే. ఇంట్లో కూడా ఇంతేనా?"

"ఇంట్లో ఇంకా ఎక్కువ," అన్నాడు గబగబ, నవ్వుతూ. ఆ నవ్వు అతను తర్వాత ఏ రోజూ మర్చిపోలేదు.

లోపలికెళ్ళి మంచం పక్కన స్టూలు లాక్కున్నాడు. "ఏంటక్కా ఇది? నొప్పి లేదని నువ్వే నొక్కుతున్నావు, మళ్ళీ నువ్వే అరుస్తున్నావు. వాళ్ళు బయటికి పొమ్మంటే ఎక్కడికెళ్దాం చెప్పు? సగం డబ్బుకి ఇంకెవరు పెట్టుకుంటారు నిన్ను?"

అక్క అతనికేసి చూసింది. ఆ చూపులో తిట్టు లేదు, అదే అతన్ని భయపెట్టింది. ఆమె ఎడమ చెయ్యి చాపి అతని చూపుడువేలు పట్టుకుంది. తెర దగ్గరికి లాక్కెళ్ళి, అతని వేలితో ఏడుపు మొహం నొక్కింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ.

నర్సుల గది తలుపు తీసే ఉంది. మంచం దగ్గరినుంచే గోడ కనిపిస్తుంది. పచ్చ. పచ్చ. పచ్చ.

ఆఖరి చేప గాలానికి వేలాడుతూ అతని కళ్ళముందు కదిలింది.

అప్పుడే అక్కడే, సంచిలోంచి కంప్యూటర్ తీసి ఒడిలో పెట్టుకుని సరిచేశాడు. ఒక్క వాక్యం. అక్క చూస్తూనే ఉంది. ఆమెకి ఏదో ఒకటి చెప్పాలి. మిషను పాడైందని చెప్పొచ్చు, అందరూ అదే చెబుతారు.

"అక్కా," అన్నాడు, "నేను బిళ్ళలు కట్టలేదక్కా. సంచులన్నీ లోపల పడేసి ఊరుకున్నాను."

ఆమెకి అర్థమైంది. ఆ గదిలో ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషికి ఇంతకన్నా విప్పి చెప్పక్కర్లేదు. ఎడమ చెయ్యి ఎత్తి అతని చెంప మీద కొట్టింది. దెబ్బలో బలం లేదు. తర్వాత తెర మీద ఏడుపు మొహం నొక్కి, మొహం గోడవైపు తిప్పుకుంది. నర్సుల గదిలో ఎర్రలైటు వెలిగింది.

ఎక్స్‌రే తీస్తే తుంటి ఎముక విరిగి ఉంది. విరిగాక రోజూ నిలబెట్టడంతో ముక్కలు పక్కకి జరిగాయి. గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్ తట్టుకోలేదన్నాడు డాక్టరు. పడిన రోజే తెలిస్తే ఏదో ఒకటి చేసి చూసేవాళ్ళమన్నాడు. ఇన్నాళ్ళు ఎందుకు తెలియలేదో ఇంకా ఎవరికీ అంతు చిక్కలేదు. గబగబకి ఒక్కడికే తెలుసు.

ప్రొప్రైటరు తలుపు మూసి నెమ్మదిగా మాట్లాడాడు. "సరిచేశావు కదా?"

"చేశాను సార్. కానీ ఆ వార్డులో ఇంకా పదిమంది ఉన్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళు ఏం నొక్కారో ఎవరికీ తెలీదు. అందర్నీ మళ్ళీ చూడమని చెప్పాలి."

"ఇవాళ్టినుంచి సరిగ్గా వస్తుంది కదా, వాళ్ళే చూసుకుంటారు. నువ్వు నోరు విప్పావనుకో, ముందు పోయేది మీ అక్క సగం డబ్బులు. తర్వాత నీ ఉద్యోగం. ఆ తర్వాత నా కొంప. అక్కకి ఇప్పుడే కదా మందులు మొదలెట్టారు? ఆవిడ కోసమైనా ఊరుకో."

బొమ్మలావిడ బయట వింటూనే ఉంది. అతను మెట్లు దిగుతుంటే "నిజం చెప్పు బాబూ, నిజం ఎప్పుడూ మంచే చేస్తుంది" అంది. ఆ మాట ఆవిడ ఎక్కడ చదివిందో. నిజం ఏం చేస్తుందో అతనికి లెక్క తెలుసు, తెలిసే వెళ్ళాడు. నీతి కోసం కూడా కాదు. పక్క మంచంలో ఒక ముసలాయన ఉన్నాడు, అక్క కన్నా నెమ్మదస్థుడు, అరవడు, నొక్కి ఊరుకుంటాడు. ఆ ముసలాయన గురించి ఆలోచన గబగబని కూర్చోనివ్వలేదు.

హెడ్ నర్సు అంతా విని కుర్చీలోంచి లేచింది.

"మమ్మల్ని కళ్ళు మూసుకోమని మీరే చెప్పారు! గోడ చూస్తే చాలన్నారు!"

"చెప్పాం మేడమ్."

"మరి ఇప్పుడొచ్చి..." ఆమె కళ్ళు ఆ గోడ మీదే ఉన్నాయి. తర్వాత వార్డులోకి నడిచి, మొదటి మంచం దగ్గర వంగి, దుప్పటి తొలగించి చూడ్డం మొదలుపెట్టింది. ముసలాయన వీపు కింద పుండు అరచేతంత ఉంది.

తెరలన్నీ తీసేశారు. ప్రొప్రైటరు చెప్పింది చెప్పినట్టే జరిగింది: ఉద్యోగం పోయింది, రాయితీ పోయింది. ఒప్పందం ఆట సరిగ్గా పనిచేస్తేనన్నారు, అది మొదటిరోజునుంచీ పనిచెయ్యలేదు కాబట్టి రాయితీ కూడా మొదటిరోజునుంచీ చెల్లదన్నారు. తర్కంలో తప్పు పట్టడానికి లేదు. అక్కని కదిలించే వీలు లేదు కాబట్టి అక్కడే ఉంచాల్సొచ్చింది.

ఆ తర్వాత అతను రోజూ వెళ్ళేవాడు. తెర లేదు. "నొప్పా?" అని అడిగి చెయ్యి ఇచ్చేవాడు, నొప్పయితే ఆమె పట్టుకు నొక్కాలి. కొన్ని రోజులు నొక్కేది, కొన్ని రోజులు చెయ్యి ఇవ్వనిచ్చేది కాదు. చలి మొదలయ్యాక ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి అక్క చనిపోయింది.

వచ్చినవాళ్ళంతా విముక్తి అన్నారు. ఎవరికి అని అతను అడగలేదు. బొమ్మలావిడ అతని భుజం మీద చెయ్యి వేసి, "మనసులో పెట్టుకోకు బాబూ. అక్క నిన్ను క్షమించే ఉంటుంది" అంది.

"ఏది నొక్కి చెప్పిందండీ?" అన్నాడు గబగబ.

ఇప్పుడతను వేరే ఊళ్ళో, వేరే కంపెనీలో, ఇతరులు రాసిన ఆటల్ని పరీక్షిస్తాడు. ప్రతి బటన్నీ మొదటినుంచి నొక్కుకుంటూ వస్తాడు. అతని చేతికి పని వెళ్ళిందంటే ఇక తెమలదని అక్కడివాళ్ళు విసుక్కుంటారు. గబగబ అనే పేరు అక్కడ ఎవరికీ తెలియదు. జీతం పాతదానికన్నా తక్కువ.

రాయితీ వెనక్కి తీసుకున్నాక నర్సింగ్ హోము వేసిన బిల్లులో నలభై ఒక్క వేలు అతనింకా బాకీ.